షాడో టీచర్‌ను పెట్టుకోండి, లేదా టీసీ తీసుకోండి అంటున్నారు. చట్టంలో అసలు ఏముంది?

తెల్లగన్నేరు
మా అబ్బాయికి ఏడేళ్లు, రెండో తరగతి. ఆటిజం ఉంది. కథల పుస్తకం చేతికిస్తే చివరి పేజీ దాకా వదలడు. ఎక్కాలు పదిహేను దాకా వచ్చు. గంట మోగితే మాత్రం తట్టుకోలేడు. చెవులు మూసుకుని బల్ల కిందకు దూరిపోతాడు, మళ్లీ పైకి రావడానికి పది నిమిషాలు పడుతుంది. బడిలో రోజుకు ఎనిమిదిసార్లు గంట మోగుతుంది.
పోయిన వారం ప్రిన్సిపాల్ పిలిపించారు. "వచ్చే నెల నుంచి మీ ఖర్చుతో షాడో టీచర్‌ను పెట్టుకోండి. కుదరకపోతే టీసీ కావాలని మీరే ఒక దరఖాస్తు రాసివ్వండి. మీవాడికి ప్రత్యేక పాఠశాలే మంచిది" అన్నారు. షాడో టీచర్ అంటే తరగతిలో వాడి ఒక్కడి పక్కనే ఉండి చూసుకునే మనిషట. అన్నీ నోటిమాటలే. ఎవరిని అడిగినా "చట్టం ఉంది కదా" అంటున్నారు. ఏ చట్టం, అందులో ఏ మాట? అది పట్టుకుని వెళ్తే తరగతిలో వాడిని మరోలా చూస్తారేమోనన్న భయం కూడా ఉంది. తెలిసినవారు చెప్పండి.

మూలపేజీ
ముందుగా ఒక్క మాట: ఆ దరఖాస్తు రాయకండి. మీరు రాసిస్తే బడి పంపించినట్టు కాదు, మీరు వెళ్లిపోయినట్టు అవుతుంది. మీ చేత రాయించడంలో ఉన్న కిటుకంతా అదే.
విద్యాహక్కు చట్టం (2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది) 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి వెళ్లగొట్టకూడదు. 2019 సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవారిని అదే తరగతిలో ఉంచే వీలు వచ్చింది కానీ, వెళ్లగొట్టకూడదన్న మాట చెక్కుచెదరలేదు.
రెండోది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, దీనిలో 21. ఆటిజం పేరు పెట్టి ఉంది. చిత్రం ఏమిటంటే ఇందులోనూ మీకు కావలసింది 16వ సెక్షనే. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లవాడి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయాలి, ఒక్కొక్కరికి విడిగా కావలసిన తోడ్పాటు ఇవ్వాలి అని అందులో ఉంది. ఆ ఖర్చు తల్లిదండ్రులది అని ఎక్కడా లేదు. షాడో టీచర్ అన్న మాటే చట్టంలో లేదు.

చిగురాకు
మాకూ ఇదే జరిగింది. నేను రాసిచ్చేశాను. నాలుగేళ్లయింది. ఆ కాగితం మీద నా సంతకం ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది. మూలపేజీ గారు చెప్పింది వినండమ్మా.

సుద్దముక్క
నేను ప్రైవేటు బడిలో రెండో తరగతికే చెబుతాను. ఈ తల్లి బాధ అర్థమవుతుంది. అయినా తరగతి గదిలోపలి సంగతి కూడా ఒకరు చెప్పాలి. నా గదిలో 47 మంది ఉన్నారు. విద్యాహక్కు చట్టం లెక్కన ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు ఉండాలి. నా దగ్గర అలాంటి బాబే ఒకడున్నాడు. వాడు బల్ల కిందకు వెళ్లినప్పుడు నేను వాడి దగ్గర కూర్చుంటే మిగిలిన 46 మంది ఏమవ్వాలి? నాకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. బీఈడీలో ఒక్క పేపరులో నాలుగు పేజీలు చదివాను, అంతే. మరో మనిషి కావాలి అని బడి అడగడంలో అబద్ధం లేదు. ఆ మనిషిని ఎవరు పెట్టాలన్నదే గొడవ.

రెక్కలగుర్రం
సుద్దముక్క గారూ, మీరు చెప్పింది నిజమే. కానీ ఆ 46 మంది మాట వచ్చినప్పుడల్లా తప్పుకోవలసింది 47వ పిల్లవాడే అవుతున్నాడు. యాజమాన్యం 30 మందికి బదులు 47 మందిని ఎక్కించింది కదా. ఆ కష్టం ఒక్క తల్లి నెత్తిన ఎందుకు పడాలి?

సుద్దముక్క
నెత్తిన పడాలని నేను అనలేదు. టీచరుకు సాయం లేకుండా చట్టం పేరు చెప్పి పిల్లవాడిని కూర్చోబెడితే వాడికే నష్టం అంటున్నాను.

దారిదీపం
ఒకటి అడగనా? ప్రత్యేక పాఠశాల అనగానే ఇక్కడ అందరూ శిక్ష పడ్డట్టు మాట్లాడుతున్నారెందుకు? మా అమ్మాయికి పన్నెండేళ్లు, మేధో వైకల్యం తీవ్రంగా ఉంది. మామూలు బడిలో రెండేళ్లు ఉంది. ఆ రెండేళ్లూ వెనక బల్ల మీద రంగు పెన్సిళ్లతో కూర్చుంది, అంతకుమించి ఏమీ లేదు. ప్రత్యేక పాఠశాలకు వెళ్లిన ఏడాదిలోపే తన అన్నం తాను తినడం, జడ రిబ్బను ముడి వేసుకోవడం నేర్చుకుంది. ఆ ముడి చూసి నేనూ మా అత్తగారూ ఇద్దరం ఏడ్చాం. అది నా బిడ్డ చదువు. దాన్ని తక్కువ చేయకండి.

మూలపేజీ
దారిదీపం గారూ, చట్టం మీ పక్షానే ఉంది. 31వ సెక్షన్: 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ పొందిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య. దగ్గరలోని బడి కావచ్చు, ప్రత్యేక పాఠశాల కావచ్చు, కోరుకునే హక్కు పిల్లలదే. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది, ఇది మరో నాలుగేళ్లు ముందుకు వెళ్తుంది.
తేడా అంతా ఆ కోరుకోవడం అన్న మాటలోనే ఉంది. మీరు ఎంచుకున్నారు. తెల్లగన్నేరు గారిని నెడుతున్నారు. ఇంటి దగ్గర చదువు విషయం కూడా అంతే. 2012 సవరణ తర్వాత తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దే చదువుకునే వీలును కోరుకోవచ్చు. బడి తనంతట తాను "ఇంటి దగ్గరే ఉంచుకోండి" అని చెప్పడానికి దాన్ని వాడుకోకూడదు.

సందేహాలపుట్ట
నేను ఒక అడ్డు ప్రశ్న వేస్తాను. ఆ 16వ సెక్షన్ మూల పాఠం చదివాను. అక్కడ బడికి నేరుగా చెప్పినట్టు లేదు. ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ తాము నిధులిచ్చే, గుర్తింపునిచ్చే విద్యాసంస్థలు సహిత విద్య (వైకల్యం ఉన్నవారూ లేనివారూ కలిసి చదివే విధానం) అందించేలా "ప్రయత్నించాలి" అని ఉంది. ప్రయత్నించాలి అంటే చేయాలి అని కాదు కదా? ప్రైవేటు బడి లాయరు మొదట పట్టుకునేది ఈ మాటనే.

మూలపేజీ
సరైన చోట వేలు పెట్టారు. ఆ మాట నాకూ ముల్లులా గుచ్చుకుంటుంది. చట్టం రాసినవారు అక్కడ గట్టిగా ఉండవలసింది.
అయితే ఆ సెక్షన్ ఒంటరిగా లేదు. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. తగిన సర్దుబాటు ఇవ్వకపోవడం కూడా వివక్షే అని అదే చట్టం నిర్వచనాల్లో ఉంది. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని వివరంగా చెప్పింది. ఇక చట్టం ఉల్లంఘనకు 89వ సెక్షన్ కింద మొదటిసారి పది వేల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి అయిదు లక్షల దాకా. ప్రయత్నించాలి అన్న ఒక్క మాట చూపించి ఇవన్నీ తప్పించుకోవడం తేలిక కాదు.
పైగా వెళ్లగొట్టకూడదు అన్నది విద్యాహక్కు చట్టంలోనిది. అక్కడ ప్రయత్నం మాటే లేదు, నిషేధమే.

రెక్కలగుర్రం
రెండు చట్టాల్లోనూ 16వ సెక్షనే కావడం మంచిదే. మా ఆవిడ ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గర తడబడితే "పదహారు అనేసి ఆగు, ఏ పదహారు అని ఆయన అడిగితే రెండూ అని చెప్పు" అన్నాను. ఆ చిట్కా నిజంగానే పనిచేసింది.

ఆరుచుక్కలు
ఈ చర్చ చదువుతూ నా బడి గుర్తొచ్చింది. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఈ చర్చ మొత్తం స్క్రీన్ రీడర్‌తో విన్నాను, రాస్తున్నదీ దానితోనే. 1990ల్లో మామూలు బడిలో చదివాను. అప్పట్లో దీన్ని విలీన విద్య అనేవారు. వికలాంగ పిల్లల సమీకృత విద్య పేరుతో కేంద్ర పథకం 1974 నుంచే ఉంది. నన్ను విలీనం చేశారు, మాట తప్పలేదు. నీళ్లలో ఉప్పు కలిసినట్టే కలిసిపోయాను, ఎవరికీ కనిపించకుండా.
రేఖాగణితం వచ్చినప్పుడు మాస్టారు "నువ్వు కూర్చో నాయనా, నీకెందుకు ఇది" అనేవారు. ప్రేమగానే అనేవారు. మ్యాప్ పాయింటింగ్ రోజు గ్రంథాలయం గుమ్మంలో కూర్చునేవాడిని. వ్యాయామం పీరియడులో అందరి చెప్పులకూ కాపలా. పరీక్షలో పాస్ చేయించేవారు. త్రిభుజం ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఇరవై రెండేళ్ల వయసులో, ఒక మిత్రుడు అట్టముక్క కత్తిరించి చేతిలో పెట్టినప్పుడు. ఎంత చిన్న పని! రెండు నిమిషాలు. పదేళ్ల పాటు ఆ రెండు నిమిషాలు ఎవరికీ తోచలేదు.
ఇప్పుడు సహిత విద్య అంటున్నారు. ఆ మాట మార్పులో అర్థం ఉంది. 2016 చట్టం ఇచ్చిన నిర్వచనంలో రెండు భాగాలున్నాయి. వైకల్యం ఉన్నవారూ లేనివారూ కలిసి చదవడం ఒకటి, బోధించే తీరు, నేర్చుకునే తీరు పిల్లల అవసరానికి తగ్గట్టు మారడం రెండోది. మొదటి భాగం నాకూ దొరికింది. అందుకే చెబుతున్నాను, తెల్లగన్నేరు గారూ, సీటు నిలబెట్టుకోవడంతో ఆగిపోకండి. గంట సంగతి తేల్చండి. మీవాడికి అట్టముక్క త్రిభుజం అదే.

దారిదీపం
చెప్పుల కాపలా. ఈ మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

చేతిమాట
ఆరుచుక్కలు గారి మాటకు నా మాట కలుపుతాను. మా అమ్మానాన్నలిద్దరూ బధిరులు. మా అమ్మాయికీ వినిపించదు. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడమే సహిత విద్య అంటే నేను ఒప్పుకోను. సైగల భాష తెలియని టీచరు, సైగల భాష తెలియని 40 మంది పిల్లలు. వారి మధ్య మా అమ్మాయి ఒక్కతే. దానిని ఒంటరితనం అంటారు. బధిర పిల్లల బడిలో అది ఎంత గలగలా మాట్లాడుతుందో వచ్చి చూడండి, టీచరు కిటికీవైపు తిరిగితే చాలు, గదినిండా చేతులే!
16వ సెక్షన్‌లోనే ఉంది, చూపు లేనివారికీ వినికిడి లేనివారికీ వారికి బాగా సరిపోయే భాషలో, పద్ధతిలో చదువు చెప్పాలని. సైగల భాష, బ్రెయిలీ వచ్చిన టీచర్లను నియమించాలని, వారిలో వైకల్యం ఉన్న టీచర్లూ ఉండాలని 17వ సెక్షన్ చెబుతోంది. భారతీయ సైగల భాషకు ఢిల్లీలో 2015 నుంచి జాతీయ కేంద్రం ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలను సైగల భాషలోకి తెచ్చేందుకు 2020లో ఒప్పందం కూడా జరిగింది. ఆ పాఠాలు చెప్పగలిగే మనిషి మా మండలంలోని ఏ మామూలు బడిలోనూ లేరు.

సందేహాలపుట్ట
అంటే బధిరుల విషయంలో విడి బడే సహిత విద్య అంటారా?

చేతిమాట
పిల్లవాడి భాష ఎక్కడ ఉంటే అక్కడ. మామూలు బడిలో సైగల భాష వచ్చిన టీచరు, కనీసం ఆరేడుగురు బధిర పిల్లలు ఉంటే రేపే చేర్పిస్తాను.

బుధవారం బడి
నేను సహిత విద్య రిసోర్స్ పర్సన్‌ను. మా మండలంలో అందరూ భవిత టీచర్ అంటారు. వారంలో కొన్ని రోజులు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో, మిగిలిన రోజుల్లో బడులు తిరగడం, కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లడం. ఒక బడికి నా వంతు బుధవారం వస్తుంది. అక్కడి పిల్లలు బుధవారం కోసం ఎదురుచూస్తారు. మిగతా రోజులు ఎలా గడుస్తాయో నాకు తెలుసు, అందుకే సుద్దముక్క గారి మీద నాకు కోపం రాదు.
ఒక తీర్పు అందరూ తెలుసుకోవాలి. రజనీష్ కుమార్ పాండే కేసు, సుప్రీంకోర్టు, 2021 అక్టోబరు. మామూలు బడుల్లో చదివే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. 2025 మార్చిలో అదే కేసులో, పోస్టులు ఎన్నో తేల్చి ప్రకటించమని రాష్ట్రాలను గట్టిగా ఆదేశించింది. మాలాంటివాళ్లం ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నాం. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉంది, ప్రత్యేక విద్యలో బీఈడీ ఉంది, ఉద్యోగానికి మాత్రం ఏడాది ఏడాదికీ గండమే. సమగ్ర శిక్ష అనే కేంద్ర బడి విద్యా పథకంలో ఇలాంటి ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయలు, ఆడపిల్లలకు అదనంగా నెలకు 200 చొప్పున పది నెలలు. ఇంతలో ఎంత చేయగలమో మీరే లెక్క వేసుకోండి.

సుద్దముక్క
పదిమందికి ఒకరు అన్న తీర్పు నాకు ఇప్పటిదాకా తెలియదు. మా స్టాఫ్ మీటింగులో చదివి వినిపిస్తాను.

తోకచుక్క
మధ్యలో దూరుతున్నాను. మా బాబుకు డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), తొమ్మిదో తరగతి. సర్టిఫికెట్‌లో 40 శాతం కంటే తక్కువ వేశారు. "నలభై లేకపోతే ఏ మినహాయింపూ రాదు" అని బడిలో అన్నారు. నిజమా?

మూలపేజీ
నిజం కాదు. 40 శాతం గీత ఉన్నది 31వ సెక్షన్ కింది ఉచిత విద్యకూ, ఉన్నత విద్యలో అయిదు శాతం రిజర్వేషన్ లాంటివాటికీ. 16, 17 సెక్షన్లు వైకల్యం ఉన్న పిల్లలందరివీ. నేర్చుకోవడంలోని లోపాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన ఇవ్వాలన్న మాట 16లోనే ఉంది. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (చెబితే రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల నుంచి మినహాయింపు 17లో ఉన్నాయి.
పైన చెప్పిన వికాస్ కుమార్ కేసు సరిగ్గా ఇదే. రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే అభ్యర్థికి 40 శాతం లేదని స్క్రైబ్‌ను నిరాకరించారు. సుప్రీంకోర్టు అది తప్పంది. ఆ తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది పడేవారి కోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. పదో తరగతి బోర్డుకు దరఖాస్తు తొమ్మిదిలో ఉండగానే మొదలుపెట్టండి, పరీక్షల ముందు పరుగెత్తితే కాగితాలు కదలవు.

తోకచుక్క
రెండేళ్లుగా హిందీ ట్యూషన్ పెట్టి వాడిని ఏడిపిస్తున్నాం. ఈ ఒక్క ముక్క బడివాళ్లు చెప్పి ఉంటే!

తెల్లగన్నేరు
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఇంకా ఒక భయం ఉంది. రాతపూర్వకంగా అడిగితే గొడవ పెట్టుకునే తల్లి అని ముద్ర వేస్తారు. సాయంత్రం నాలుగు దాకా వాడు ఉండేది వాళ్ల దగ్గరే. వాడేమో ఇంటికొచ్చి ఏమీ చెప్పడు.

చిగురాకు
ఆ భయంతోనే నేను సంతకం చేశాను. భయపడినందువల్ల మావాడికి ఒరిగిందేమీ లేదమ్మా.

బుధవారం బడి
ఫిర్యాదుగా రాయకండి. అభ్యర్థనగా రాయండి. ఒకటే పేజీ. వాడికి ఏం వచ్చో ముందు రాయండి: కథలు చదువుతాడు, ఎక్కాలు వచ్చు. తర్వాత ఏ సమయంలో ఏం ఇబ్బందో. ఆ తర్వాత మీరు అడిగే సర్దుబాట్లు, మూడుకు మించకుండా. గంట మోగడానికి ఒక నిమిషం ముందు టీచరు వాడి భుజం తట్టి చెప్పడం. గంటకు దూరంగా బల్ల. తట్టుకోలేనప్పుడు వెళ్లి కూర్చోవడానికి గదిలోనే ఒక మూల. వీటిలో దేనికీ డబ్బు పడదు. చివర్లో 2016 చట్టం 16వ సెక్షన్ ప్రకారం అని ఒక్క వాక్యం చాలు. ఎంఈఓ కార్యాలయంలో అడిగి మీ మండలం భవిత టీచరును కలవండి, ఒకసారి వాడిని చూడమనండి.
నా అనుభవంలో బడులు భయపడేది చట్టానికి కాదు, ఏం చేయాలో తెలియకపోవడానికి. ఏం చేయాలో మీరే రాసిస్తే సగం తలుపు తెరుచుకుంటుంది.

మూలపేజీ
బుధవారం బడి గారి మాటలో చివరి భాగంతో నేను ఏకీభవించను. చాలా బడులకు ఏం చేయాలో తెలుసు, చేయాలని లేదు. ఫలితాల శాతం తగ్గుతుందని భయం. అందుకే ఆ లేఖ నకలు మీద అందినట్టు సంతకం, ముద్ర, తేదీ తప్పకుండా తీసుకోండి. టీసీ మాట మళ్లీ ఎత్తితే "అదే మాట కాగితం మీద ఇవ్వండి" అనండి. సాధారణంగా ఇవ్వరు.
అప్పటికీ లొంగకపోతే రెండు దారులు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికారికి ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి. లేదా దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్. ఆయనకు సాక్షులను పిలిపించి విచారించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి, తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసినా చాలు. సదరం సర్టిఫికెట్ (రాష్ట్రం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) లేదా యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఉందా?

తెల్లగన్నేరు
సదరం ఉంది. యూడీఐడీకి దరఖాస్తు చేశాం.

రెక్కలగుర్రం
ఉంటే చాలు. వెళ్లి రండి, మేమంతా ఇక్కడే ఉంటాం.

తెల్లగన్నేరు
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. లేఖ ఇచ్చాను. ఆఫీసులో తీసుకోనన్నారు, గంటన్నర కూర్చున్నాను, చివరికి ముద్ర వేసి ఇచ్చారు. టీసీ మాట కాగితం మీద అడిగితే "అబ్బే, ఊరికే సలహాగా అన్నాం" అన్నారు. షాడో టీచర్ సంగతి మాత్రం వదల్లేదు, "మీరూ ఆలోచించండి" అంటున్నారు. భవిత టీచర్ గారు శుక్రవారం వచ్చి రెండు గంటలు తరగతిలో కూర్చున్నారు. బల్ల మార్చారు. గంట ముందు చెప్పే పని టీచరు మరిచిపోతున్నారని వాడి పక్కనుండే అమ్మాయి తన మీద వేసుకుంది. దానికీ ఏడేళ్లే. గోడ గడియారం చూడటం రాదు కాబట్టి, ప్యూన్ మెట్లెక్కే చప్పుడు వినగానే మావాడి చెయ్యి నొక్కుతుందట.

ఆరుచుక్కలు
ఆ పాప చదివే గదిలో నేనూ చదివి ఉంటే బాగుండేది.

సుద్దముక్క
మా స్టాఫ్ మీటింగులో ఆ తీర్పు చదివాను. ప్రత్యేక టీచరు కోసం పైవాళ్లకు రాస్తామన్నారు, రాశారో లేదో సోమవారం అడుగుతాను. నా తరగతి బాబుకు మాత్రం మూల సిద్ధం చేశాను, పాత దుప్పటి, రెండు దిండ్లు. నిన్న వాడు దానిలోకి వెళ్లి నాలుగు నిమిషాల్లో తనంతట తానే తిరిగి వచ్చాడు. తెల్లగన్నేరు గారూ, మీరు ఇచ్చిన లేఖ నమూనా ఇక్కడ పెట్టగలరా? మా దగ్గర మరో ఇద్దరు తల్లులకు కావాలి.

తెల్లగన్నేరు
ఈ రాత్రికి పేర్లు తీసేసి పెడతాను. మూలపేజీ గారూ, ఒక్కసారి చూసి తప్పులు దిద్దండి.